చిన్న ఒంటె

చెల్లీ,

కుట్టు హాల్లో నిన్ను అందరూ "చిన్న ఒంటె" అంటున్నారని మురిసిపోతూ రాశావు. నవ్వుదామని చూశాను, నావల్ల కాలేదు.

ఆ హాల్లో ఒకప్పుడు పెద్ద ఒంటెను నేనేగా. మధ్యలో బాత్రూమ్‌కని లేస్తే నా ముందు కాలర్లు గుట్టపడతాయి, పక్కమ్మాయి పని ఆగిపోతుంది. అందుకని కడుపుతో ఉండి కూడా సాయంత్రం దాకా చుక్క నీళ్లు తాగేదాన్ని కాదు. "దీన్ని చూసి నేర్చుకోండే!" అని సూపర్‌వైజరమ్మ అంటే పొంగిపోయేదాన్ని. మంట పుడితే వేడి చేసిందనుకున్నాను. నడుము లాగితే మామూలే అనుకున్నాను. ఏడో నెలలోనే బిడ్డ పుట్టేశాడు. వాణ్ణి ఇంటికి తెచ్చుకోలేకపోయాం, అది నీకు తెలుసు. నీళ్లు తాగక మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ముదిరితే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. అది నీకు తెలియదు.

నీకిప్పుడు ఐదో నెల. "కాస్త మంటగా ఉంటోంది, మామూలేలే" అని చివర్లో ఒక ముక్క రాశావు. మామూలు కాదమ్మా.

ఫోన్లో ఇదంతా చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం మీ బావ చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన గేటు దగ్గరే ఉంటారు. మిషన్ ఆపేసి, ఆయనతో ఆస్పత్రికి వెళ్లి పరీక్ష చేయించుకో. కాలర్లు ఎంత గుట్టపడితే అంత పడనీ.

ఇంట్లో నీళ్ల గ్లాసు ఎత్తినప్పుడల్లా వెనకనుంచి ఎవరో "ఒంటే" అని పిలిచినట్టుంటుంది. గ్లాసు దించేస్తాను. నువ్వు గేటు దాటుతుంటే ఎవరైనా ఆ పేరు పెట్టి పిలుస్తారు. పలకకు. నేనింకా పలుకుతూనే ఉన్నాను.

అక్క