పాలకొట్టు ముందు నిండు గ్లాసు

నాన్నా,

మేడ మీద నుంచి కిందికి ఉత్తరమేమిటని నవ్వకు. నోటితో చెబితే రెండో మాటకే అడ్డం వస్తావు. కాగితానికి అడ్డం రాలేవు కదా, చదువు.

రేపటి నుంచి నేను కొట్లో పాలు తాగను. పొద్దున్నే జనం వరస కట్టగానే గొంతు చించుకుని నన్ను పిలుస్తావు. "చూడండి, ముప్పై దాటినా మా అమ్మాయి రోజూ ఇంత గ్లాసు లాగిస్తుంది, అందుకే గుండ్రాయిలా ఉంది!" అంటావు. నేను గటగటా తాగి, మూతి తుడుచుకుని, అందరికీ ఓ నవ్వు పారేసి, మేడెక్కి బాత్రూంలో కడుపు పట్టుకుని కూర్చుంటాను. కొత్తలో చెబితే ఏమన్నావు? "అలవాటైతే అదే సర్దుకుంటుంది." సర్దుకోలేదు. నువ్వు మళ్ళీ అడగనూ లేదు. నీకు కావలసింది కూతురు కాదు, గోడకంటించే పోస్టరు.

నా కడుపు సంగతి సరే. ఎదురుకొట్టు దర్జీ మామయ్య నీ మాటలు నమ్మి అన్నం మానేశాడు. 'పెద్దలకు రోజుకు లీటరు పాలు, ఇంకేమీ అక్కర్లేదు' అని బోర్డు రాశావు కదా! నిన్న మిషను మీదే కళ్ళు తిరిగి పడిపోయాడు. నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఒంట్లో రక్తం బాగా తగ్గిందట. అక్కడి ఆహార నిపుణురాలు మా ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. "పాలు పడేవాళ్ళు ఒక గ్లాసో, ఓ కప్పు పెరుగో తీసుకుంటే మంచిదే. అది భోజనంలో ఒక భాగం, అదే భోజనం కాదు. పడనివాళ్ళు ఆకుకూరలు, చిక్కుళ్ళు, చిన్న చేపలు తిని బతకొచ్చు. లీటరు తాగమన్న మహానుభావుడెవరు?" అంది. సిగ్గుతో నీ పేరు చెప్పలేదు. పాలల్లో నీళ్ళు కలపవని అందరూ నిన్ను మెచ్చుకుంటారు. మాటల్లో ఎన్ని బిందెలు కలుపుతావో వాళ్ళకేం తెలుసు!

అయినా ఆయనకు నీ బోర్డు మీదే నమ్మకం, రేపు మళ్ళీ లీటరుకు వస్తాడు. నువ్వు చెబుతావా, నేను చెప్పనా?

నీ పోస్టరు

* * *

అమ్మాయ్,

నా కొట్లో నాకే పాఠాలా? ఆ పొగరు మీ అమ్మది కాదు, అచ్చంగా నాదే. పోనీ, బోర్డు మీద లీటరు చెరిపి అర లీటరని రాస్తాను, సరేనా?

ఇంకో సంగతి. నాకూ పాలు పడవు. కొట్టు పెట్టిన కొత్తలో జనం ముందు నేనే తాగేవాణ్ణి, తర్వాత వెనక గదిలో మెలికలు తిరిగేవాణ్ణి. సర్దుకుంటుందన్నది అప్పుడు నాకు నేను చెప్పుకున్న మాటే. నువ్వు ముఖం చిట్లించకుండా తాగుతుంటే మీ అమ్మలాగే నీకూ పాలు పడతాయనుకున్నాను. అలా అనుకుంటే నాకు హాయిగా ఉండేది. పాలవాడికే పాలు పడవంటే జనం నవ్వరూ? ఎవరికీ చెప్పకు.

మీ నాన్న

* * *

నాన్నా,

అర లీటరట! ఇదేమైనా కూరగాయల బేరమా? నీకు పడవని తెలిసీ ఆ గ్లాసు నా చేతికిచ్చావా? ఆ ముక్క చదివి నిన్ను నిజంగా అసహ్యించుకున్నాను. నేనే చెప్పేద్దామని పొద్దున కిందికి దిగాను.

నోరు తెరవకముందే నువ్వు దర్జీ మామయ్యతో "లీటరొద్దు బావా, గ్లాసు చాలు. ముందు శుభ్రంగా అన్నం తిను. ఆ బోర్డు నా బుద్ధితక్కువ" అన్నావు. ఆయన "మరి మా కోడలు పిల్ల తాగుతుందిగా?" అన్నాడు. "దానికి పడవు. నాకూ పడవు" అన్నావు. నాకు ఏడుపొచ్చింది.

ఒక్కరూ నవ్వలేదు. "నాకూ అంతేనయ్యా, పెరుగైతే పర్వాలేదు" అంది ఒకావిడ. "నాకదీ పడదు, పిల్లల కోసం కొంటున్నా" అన్నాడు వెనకాయన. ఎవరి పాలు వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు.

నిన్ను క్షమించేశానని సంబరపడకు, దానికింకా టైముంది. ఒక్కటి మాత్రం చెప్పు. ఇన్నేళ్ళూ నా చేత తాగించింది వీళ్ళకు భయపడా, నాన్నా?

నీ కూతురు