నాలుగు మూలల పసుపు

కోవిల్‌పట్టి,
సోమవారం.

అమ్మకు,

గాంధిమతి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నాకూ మీ అల్లుడికీ ఒంట్లో బాగానే ఉంది. అక్కడ హోసూరులో నువ్వూ, తమ్ముడు హరికృష్ణనూ, మరదలూ, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న మన సంగవీ చల్లగా ఉన్నారని తలుస్తాను. సంగవీ, అత్త చేతిరాత అర్థం కాకపోతే ఊహించి చదవొద్దు, ఆగి కూడబలుక్కో. నువ్వు బడిలో నేర్చిన తెలుగు అక్షరాలను నేను తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు హాస్టల్ అమ్మాయిల దగ్గర నేర్చుకున్నాను. అందుకే నావి కాస్త వంకరగా ఉంటాయి.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి ముందు జవాబులు. మినుములు ఎండబెట్టి వేపాకు వేసి డబ్బాలకెత్తాను. నీ మోకాళ్ళకు తైలం శ్రీవిల్లిపుత్తూరు వైద్యుడి దగ్గరే తెప్పించాను, పాల్కోవాతో పాటు పంపుతాను. కోవా సంగవికి. మీ అల్లుడు కాఫీ తగ్గించాడా అన్నావు. గ్లాసు చిన్నది చేశాడు, సార్లు పెంచాడు. ఇక్కడ మా ఇంట్లో ఉంచిన నీ పెట్టెలో బట్టలు ఎండకు వేశావా అని కూడా అడిగావు. దాని సంగతి తరువాత రాస్తాను.

‘ఇంట్లో సినిమా కొట్టాయి పెడతా ఉండావంట, టికెట్ ఎంత?’ అని రాయించావు. నవ్వుకున్నాను. ఇల్లు సినిమా హాలైంది నిజమే. అయితే ఆ పని మొదలుపెట్టింది మీ అల్లుడు ఈశ్వరన్ కాదు, నేను. ఆయన స్క్రూలు పట్టుకుని నిలబడ్డాడంతే.

కొత్త టీవీలో దబదబలు వినిపిస్తాయి గానీ మనిషి మాట వినబడదు. కాలేజీలో పిల్లలకు ధ్వని గురించి పాఠం చెప్పి ఇంటికొచ్చి, పాత్రలు ఏమన్నాయో ఆయన్ని అడగవలసి వచ్చేది. విరుదునగర్‌లో మూతపడిన ఒక సినిమా హాలు సామాను పాత ఇనుప కొట్టుకు వచ్చిందని మాడన్ కబురు చేశాడు. మాడన్ అంటే చిరిగిన స్పీకర్లకు కాగితపు కోన్లు మార్చే మనిషి. తిరునాళ్ళకు మైకుసెట్లు కట్టేవాళ్ళందరూ అతని దగ్గరికే వెళతారు. రెండు చెక్క పెట్టెలు, ఒక్కొక్కటి నా నడుమెత్తు. ఒక్కోదానిలో తాంబాళమంత స్పీకరు, దాని మీద ఇనుప హారను. నాకంటే పదేళ్ళు పెద్దవి. మాడన్ కోన్లు మార్చి, అంచులకు కొత్త గుడ్డ అతికించి ఇచ్చాడు. వాటిని ముందర పెట్టి, వెనక గోడకు చిన్నవి రెండు తగిలించి, కొత్త యాంప్లిఫయర్‌కు కలిపాం.

మొదటిసారి వేసినప్పుడు మాట గుండిగలోంచి వచ్చినట్టుంది. మాడన్ వచ్చి పెట్టెమీద పిడికిలితో కొట్టి చూశాడు. ‘‘లోపల ఏమీ లేదు టీచరమ్మా, అందుకే మోత. నాలుగు గోడలకూ ఉన్ని పరచాల. స్పాంజి వద్దు. పాత కంబళి ఉంటే చూడండి, ముతకది, బాగా నలిగింది,’’ అన్నాడు. అతను తమిళంలో చెప్పింది నా పుస్తకాలు చెప్పిందే. మోతను మింగడానికి ముతక ఉన్నిని మించింది లేదు. మరుసటి వారం ఆ పని చేశాం. ఆ తరువాత ఆ స్పీకర్లలో మనిషి గొంతు సవరించుకోవడం కూడా వినబడింది. ఆ సంతోషంలో నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

పోయిన బుధవారం విరుదునగర్ నుంచి మన పెద్దాయన నల్లసామి మామ వచ్చారు. వచ్చే నెల ఆయన మనవరాలు ప్రియా కల్యాణం ఎట్టయాపురం దగ్గర వాళ్ళ ఊర్లోనని నీకు తెలుసు కదా. చొక్కా మీద కండువా సర్దుకుని సోఫాలో కూర్చున్నారు. ఈశ్వరన్ ఊరుకుంటాడా? నాదస్వరం పెట్టాడు.

మామ కళ్ళు మూసుకుని విన్నారు. ‘‘ఏమి మాపిళ్ళా, కల్యాణ ఇంట్లో కూడా ఇట్టా వినబడదే. ఆడ అందరూ మాట్లాడతా ఉంటారు,’’ అన్నారు మీ అల్లుడితో. లేచి వెళ్ళి స్పీకరు పెట్టెను, ఎద్దు వీపు తట్టినట్టు రెండుసార్లు తట్టారు. ‘‘దీని కడుపులో ఏమి పెట్టినావు పాపా?’’ అని నన్ను అడిగారు.

‘‘పాత కంబళి మామా,’’ అన్నాను గర్వంగా.

‘‘మంచి పని. సరి, కంబళి అంటే గ్యాపకం వచ్చె. మన కంబళి ఎత్తియ్యి. కల్యాణానికి ముందర ఒకసారి ఎండలో పెట్టాల.’’

నీ పెట్టె తెరిచి, నేను జాగ్రత్తగా మడిచి ఉంచిన నల్ల కంబళి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని కిటికీ వెలుగులో విప్పి ఒక మూల చూశారు. రెండో మూల చూశారు. నాలుగూ చూశాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

‘‘ఇది కాదు పాపా. ఇది మీ నాయన చేనికి కప్పుకొని పోయింది. మూలలకు పసుపు యాడ? కల్యాణం కల్యాణానికీ మీ అమ్మే కదా పెట్టేది.’’

అమ్మా, నా చెవుల్లో నాదస్వరం ఆగిపోయింది. అది ఇంకా మోగుతూనే ఉందని తరువాత ఈశ్వరన్ చెప్పాడు.

సంగవీ, ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు. మీ నాన్న ఇంట్లో ఉంటే ఆయన బయటికి వెళ్ళాక చదువు.

నీ పెట్టెలో రెండు కంబళులున్నాయి. ‘నాయన కంబళి నువ్వు వాడుకో, రెండోది మాత్రం తాకొద్దు’ అని హోసూరు బస్సెక్కే ముందు చెప్పావు. చిరుగుల్లేని, శుభ్రమైన కంబళి చూసి ఇదే మనవాళ్ళ పదిమందిది అనుకున్నాను. దాన్ని పరిచి, కలశం పెట్టి, పెద్దలు చుట్టూ కూర్చుని సరే అంటేనే మనలో తాళి కడతారు. అలాంటిది బాగుండాలి కదా అనుకున్నాను. చిల్లులు పడి, ముతకబారి, నూనె వాసన కొట్టేదాన్ని నాన్నదనుకున్నాను. చదువుకున్నదాని లెక్క అది. చేనికి కప్పుకొని పోయేదాన్ని నువ్వు ఏటా ఉతికి, చిరుగు పడితే కుట్టి దాచావని, పదిమందిదాన్ని మాత్రం సబ్బు తాకనివ్వకుండా, సూది తగలనివ్వకుండా తరతరాలుగా అలాగే ఉంచారని నాకు తట్టలేదు. నలభై నాలుగేళ్ళు వచ్చాయి. ఎన్ని పెళ్ళిళ్ళలో దూరంగా నిలబడి చూశాను. ఒక్కసారైనా దగ్గరికెళ్ళి చూడలేదు.

దాన్ని నేనే కత్తిరించాను, అమ్మా. హాల్లో నేలమీద పరిచి, సుద్దతో గీతలు గీసి, పెద్ద కత్తెరతో పన్నెండు ముక్కలు చేశాను. ఆ ముక్కలను స్పీకరు పెట్టెల గోడలకు చిన్న మేకులతో కొట్టించాను. నల్లసామి మామ తట్టింది దాన్నే.

తెలియక చేశానని ఇక్కడ ఆపేయవచ్చు. ఈశ్వరన్ కూడా అదే అంటున్నాడు. కానీ గీతలు గీసేటప్పుడు నాకు మూలల్లో పచ్చగా కనిపించింది. కూర మరకనుకున్నాను. నాన్న చేలో అన్నం తినేవాడు కదా అనుకున్నాను. కూర మరక నాలుగు మూలలా ఎందుకు పడుతుంది అని కూడా అనుకున్నాను. కత్తెర పక్కన పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నిన్ను అడిగితే ‘ఉండు, నేను వచ్చి చూస్తా’ అంటావు. నువ్వు వచ్చేది వచ్చే నెల. మాడన్ మరునాడే వస్తున్నాడు. ఫోన్ కింద పెట్టేశాను. ప్రతిదానికీ పదిసార్లు సందేహపడతానని నువ్వు నవ్వుతావే, ఆ రోజు ఒక్క సందేహాన్ని నేను కావాలని నొక్కేశాను.

అంతకంటే చెడ్డది ఇంకా రాయలేదు.

పసుపు ఎక్కడ అని మామ అడిగినప్పుడు నోరు తెరిచాను. ‘‘అయితే అసలుది అమ్మ తీసుకుపోయి ఉంటుంది మామా, హోసూరుకు,’’ అని వచ్చింది. ఎవరో అన్నట్టుగా విన్నాను. ఈశ్వరన్ నా ముఖం చూశాడు. మామ కంబళిని మడిచి తిరిగి నా చేతిలో పెట్టారు. పదిమందినీ అడగకుండా ఆ కంబళి ఊరు దాటకూడదని నాకు తెలుసు. నీ పెట్టెను మా ఇంటికి మార్చడానికే మనం పెద్దల్ని అడిగాం. అన్నీ తెలిసే నీ నెత్తిన పెట్టాను.

మూడు రోజులు ఇంట్లో స్పీకర్లు వేయలేదు. కాలేజీలో బోర్డు మీద రాస్తూ సగంలో ఆగి, ఏం రాస్తున్నానో పిల్లల్నే అడిగాను. శనివారం పొద్దున్నే విరుదునగర్‌కు బస్సెక్కాను, మామకు చెప్పేద్దామని. మామ వాకిట్లోనే కూర్చున్నారు. అత్త కాఫీ తెచ్చింది. నేను గొంతు సవరించుకునే లోపల ఆయనే మొదలుపెట్టారు.

‘‘నువ్వు చెప్పింది నిజమే పాపా. నిన్న మీ అమ్మకు, బొమ్మక్కకు ఫోన్ చేస్తిని. కంబళి నీ దగ్గర ఉండాదా అంటిని. అవును, నేనే ఎత్తుకొనొస్తిని అనె. ఎందుకక్కా అంటే, వయసాయె, మతి తప్పె అనుకో అనె.’’

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

‘‘నేను ఏమి చేసేది చెప్పు? పదిమందికీ చెప్పేస్తిని. కల్యాణం పొద్దున కంబళి తెచ్చి పరిచి, బొమ్మక్క అందరి ముందరా తప్పు ఒప్పుకొని మొక్కాల. మోకాళ్ళు నొప్పంటే ఎవురు వింటారు? నలభై ఏండ్లు దాచిన మనిషి ఇట్టా చేయొచ్చునా?’’

అమ్మా, నేను ఏమీ అనకుండా లేచి, మళ్ళీ వస్తానని చెప్పి బస్టాండుకు నడిచాను. కోవిల్‌పట్టి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నా అబద్ధానికి నువ్వు సాక్ష్యం చెప్పావు, ఇక ఎవరూ నన్నేమీ అడగరు అనే ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనతో పాటు కాస్త తేలికగా కూడా అనిపించింది. ఆ తేలిక చూసి నాకు భయం వేసింది. నేను ఇలాంటిదాన్నా అనుకున్నాను. సాత్తూరులో దిగిపోయాను. రోడ్డు దాటి ఎదురు బస్సెక్కి మళ్ళీ విరుదునగర్ చేరేసరికి మామ భోజనానికి కూర్చుంటున్నారు. నిలబడే అంతా చెప్పాను. కత్తెర, పన్నెండు ముక్కలు, ఫోన్ కింద పెట్టడం, అన్నీ.

మామ చేయి కంచంలోనే ఉండిపోయింది. కంబళి గురించి అరుస్తారనుకున్నాను.

‘‘బొమ్మక్క అబద్దం చెప్పెనా?’’ అన్నారు. మళ్ళీ అత్త వైపు తిరిగి, ‘‘ఏమే, బొమ్మక్క అబద్దం చెప్పె, విన్నావా?’’ అన్నారు. ఆ ముఖం చూడలేక గోడవైపు చూశాను.

‘‘కూతురి కోసం చెప్పింటుంది. నువ్వు అన్నం తిను,’’ అంది అత్త.

నిన్న ఆదివారం మామ ఇంకో ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చారు. ఈశ్వరన్ స్పీకర్లు విప్పి, పెట్టెల లోపలికి చేయి పెట్టి ఒక్కో మేకూ పీకి ముక్కలు ఇచ్చాడు. మామ వాటిని నేలమీద పేర్చారు. ఏది ఎక్కడిదో ఆయనకు చెప్పనవసరం లేకపోయింది. నాలుగు మూలలూ దొరికాయి. తెల్ల పంచెలో మూట కట్టుకున్నారు. మంచినీళ్ళు ఇస్తే ముట్టలేదు. కోసిన కంబళి పరచకూడదట, కుట్టినా పనికిరాదట. ప్రియా కల్యాణానికి కొత్తది నేయించి, మూలలకు పసుపు పెట్టి పరుస్తారు. అది ఇక మన ఇంట్లో ఉండదు. నాన్నకూ, ఆయన నాన్నకూ ముందు నుంచి మన గడపలో ఉన్నది నా చేత్తో పోయింది. ఇది నీకు ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. ఎలా రాసినా అంతే.

పదిమంది ముందర ఎవరో ఒకరు నిలబడి ఒప్పుకోవాలన్నారు. నేను నిలబడతానన్నాను. ఆడకూతురు ఇంకో ఇంటికి పోయినది, పుట్టింటి తరఫున చెల్లుతుందా అని ఒక పెద్దాయన సందేహం. ‘‘కోసినప్పుడు చెల్లె కదా, చెప్పేదానికీ చెల్లుతుంది,’’ అన్నారు మామ, నా వైపు చూడకుండానే. కాబట్టి ఆ పొద్దున నేను మొక్కుతాను. నువ్వు వచ్చి ఆడవాళ్ళలో ముందు వరసలో కూర్చో. నా కోసం లేవకు.

మామ నీకు మళ్ళీ ఫోన్ చేస్తానన్నారు. ఆయనకు నీ మీద కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది. ఈసారి నా వైపు మాట్లాడవద్దు. కంబళి ఏమైందో తెలియకే అలా అన్నానని చెప్పు.

మామ ఫోన్ చేసిన రోజు నుంచి నువ్వు నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. అందుకే ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను. దీనికి ఒక్క జవాబు సంగవి చేత రాయించు, చాలు. కంబళి ఎక్కడని ఆయన అడగగానే నా దగ్గరే అన్నావు. పెట్టె మా ఇంట్లోనే ఉందని నీకు తెలుసు. నన్ను అడగలేదు, కోప్పడలేదు, ఒక్క క్షణం కూడా ఆగలేదట. ఆ క్షణంలో, అమ్మా, నేను ఏం చేసి ఉంటాననుకున్నావు?

ఇట్లు,
నీ పెద్దకూతురు
గాంధిమతి