పన్నెండు నల్ల బండ్లలో నాది

తెనాలి, ఆదివారం రాత్రి

ఈ రోజు బాపట్ల నుంచి రేపల్లె దాకా వేరేవాళ్ల బండి నడిపాను. నడుపుతున్నానని నాకే తెలియలేదు.

టిఫిన్‌కి ఆగితే పన్నెండు బండ్లూ వరసగా పెట్టి, తాళాలు వాటికే వదిలేయడం మా రైడింగ్ గ్రూపు అలవాటు. కాపలాకి ఒకరుంటారు. బాపట్లలో ఇడ్లీ తిని వచ్చి, నాదనుకున్న బండెక్కాను. రేపల్లెలో పెట్రోలు కొట్టిద్దామని దిగితే ట్యాంకు మీద వినాయకుడి స్టిక్కరుంది. నా బండికి స్టిక్కర్ లేదు! వెనక్కి చూస్తే నా బండి మీద మెడికల్ షాపు ప్రసాద్ గారున్నారు.

"అయ్యబాబోయ్, ఇది మీదాండి? నాకూ తెలియలేదు మాస్టారూ!"

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

స్కూల్లో అందరూ స్కూటర్ల మీద వస్తుంటే, నేను వేరేగా ఉండాలనే కదా ఏరికోరి ఆకుపచ్చ మోటార్ సైకిల్ కొన్నాను? గ్రూపులో చేరాక నల్లరంగు వేయించాను. నిన్న మెకానిక్‌కిచ్చి, అందరికీ ఉన్న సైలెన్సరే పెట్టించి, పొద్దున్న అటు నుంచి అటే రైడుకి వెళ్లాను. ఎవరూ బలవంతపెట్టలేదు. మరెందుకు చేసినట్టు? వాళ్లతో కలిసి వెళ్తుంటే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, అదీ అబద్ధం కాదు. ఏమిటో, ఏమీ తేలడం లేదు.

సందు మొదట్లో నా బండి చప్పుడు వినగానే మా ఆవిడ లక్ష్మి వచ్చి గేటు తీసేది. ఇవాళ గేటు ముందు ఆగి రెండుసార్లు హారన్ కొట్టాను.

"మీరా? ఎవరో రోడ్డున పోతున్నారనుకున్నానండి," అంది.

"నేనే," అన్నాను. ఎందుకో మళ్లీ అన్నాను, "నేనే."