కుక్కకు గొర్రెల మందు

కొండాపూర్, 4-6-1994

ప్రియమైన తమ్ముడు కొమురయ్యకు,

మందకు కాపలా ఉండే మన కర్రెకుక్కకు చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు పట్టాయి. తిండి మానేసింది. పోయిన నెల నువ్వు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన గొర్రెల మందు సగం సీసా మిగిలింది. "గొర్రెకు పనిచేసింది కుక్కకు చెయ్యదా?" అంటున్నాడు మీ బావ. పూయమంటావా? జల్దీ రాయి.

నీ అక్క శివమ్మ

ఇస్నాపూర్, 8-6-1994

ప్రియమైన అక్కకు,

పూయొద్దు. బావ చెయ్యి పట్టుకుని ఆపు. గొర్రె తన ఒళ్ళు నాకదు, కుక్క పొద్దంతా నాకుతుంది. పైన పూసిన మందు కడుపులోకి పోతుంది. గొర్రెకు కలిపే నీళ్ళ కొలత కుక్కకు సరిపోతుందని ఎవరు చెప్పారు? మా కెమిస్టును అడిగితే కుక్కల మీద పరీక్షించలేదన్నాడు. ఆ ఒక్క మాట సీసా మీద అచ్చువేయడానికి మీకేం రోగమని అడిగాను. "నీ పని జూస్కోరా" అన్నాడు. ఎనిమిదో తరగతి చదివినోడు అడిగితే వీళ్ళకు లోకువ. పిడుదులను చేత్తో ఏరించు. కుక్కను సంగారెడ్డి పశువుల దవాఖానకు తీసుకుపో.

కోపంతో, నీ తమ్ముడు

సంగారెడ్డి, పశువుల దవాఖాన, 11-6-1994

తమ్ముడా,

నీ ఉత్తరం అందేసరికే కుక్క నోట నురగ, కాళ్ళలో వణుకు. మీ బావ నిన్ననే పూశాడు. గోనెసంచిలో వేసుకుని ఆటోలో తెచ్చాం. డాక్టరు సబ్బుతో కడిగించి ఒక సూది వేశాడు. ఏం పూశారో చూపమంటే సీసా ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, "దీని మీద పేరేదమ్మా? ఏ విషమో తెల్వకుండ ఇంకెన్ని సూదులు ఇయ్యాలె?" అన్నాడు. మొగులయ్య మామ మీ ఫ్యాక్టరీ మీదుగా పోయే పటాన్‌చెరు బస్సు ఎక్కుతున్నాడు. ఈ చీటీ ఆయన చేతికిస్తున్నాను. పేరు రాసి ఆయనతోనే పంపు. కుక్క బతకాలి.

శివమ్మ

ఫ్యాక్టరీ గేటు, అదే రోజు

అక్కా,

లేబుల్ ఈ కాగితానికే అంటించాను. డాక్టరుకు చూపు. లేబుల్ పడకముందే సీసాలు తీసి ఇంటికి పట్టుకుపోవడం ఇక్కడ అందరికీ అలవాటే. నేనూ తీశాను. మన వాడలో ఇంకో ఐదిళ్ళకు పంచాను కూడా. కెమిస్టును ఏ ముఖంతో తిట్టానో. ఇంటింటికీ పోయి సీసాలు వాపసు తీసుకో. ఎందుకని అడిగితే నా తప్పని చెప్పు, దాచకు.

సిగ్గుతో, కొమురయ్య

కొండాపూర్, 13-6-1994

ప్రియమైన తమ్ముడికి,

లేబుల్ చూశాక డాక్టరు ఇంకో రెండు సూదులు వేశాడు. కుక్క ఈ పొద్దు గంజి తాగింది. వెనక కాళ్ళు ఇంకా సరిగ్గా ఆనడం లేదు.

నాలుగిళ్ళవాళ్ళు అడగ్గానే ఇచ్చారు. ఆగమ్మత్త ఇవ్వనంది. మనుమరాలి తలలో పేలకు రాయాలని మందు గిన్నెలో పోసి పెట్టుకుంది. "మా కొమురయ్య తెచ్చిండు, పిల్లకేం గాదు" అంది. గిన్నె లాక్కున్నాను. పిల్ల అప్పటికే జడ విప్పుకుని కూర్చుంది.

నీ అక్క శివమ్మ