గీత వాళ్ల నాయన ఫోన్

లియోన్, ఫ్రాన్స్, గురువారం రాత్రి

నాతోపాటు తిరుపతి నుంచి ఈ సెమిస్టర్‌కు వచ్చిన గీత వారంగా క్లాసులకు రావడం లేదు. హాస్టల్లో తన గది ముందు నేను అన్నం పెడితే అలాగే ఉంటోంది. మధ్యాహ్నం సత్యవేడు నుంచి వాళ్ల నాయన నాకు ఫోన్ చేశాడు.

"పాప ఫోన్ ఎత్తడంలే. బాగుండాదా అమ్మా?"

ఆయన కంగారు పడతాడని, లైబ్రరీలో ఉందని అబద్ధం చెప్పాను. వెంటనే వెళ్లి గీత తలుపు తట్టాను.

"నాయనకు సెప్పొద్దే. నాకింక బతకబుద్ధి కావడంలే" అంది లోపలి నుంచి.

భయమేసి హాస్టల్ వాళ్లను పిలిచాను. వాళ్లు తలుపు తీయించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పోతూ గీత నా వైపు చూడలేదు.

ఆ తర్వాత వాళ్ల నాయనకు అంతా చెప్పేశాను. 

"నాకు పాస్‌పోర్టు గూడా లేదు. నేనెట్ల వచ్చేదమ్మా?"

నేనున్నాను కదా అన్నాను. చెప్పొద్దన్నా చెప్పేశాను, రేపు ఆసుపత్రికి పోతే గీత నన్ను దగ్గరికి రానిస్తుందో లేదో...