గోడకు తగిలించిన నీ పాదం

అక్కా,

నువ్వు పోయి ఏడాదయింది. ఈరోజు అమ్మ కళ్లమందు కోసం తిరువళ్లూరు ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ, కుష్ఠుతో స్పర్శ పోయిన నీ పాదాన్ని సిరా పూసిన రబ్బరు చాపపై మోపించి తీసిన ముద్ర కాగితానికి అద్దం కట్టించి, "నయమైంది" అని రాసి గోడకు తగిలించారు.

బరువు ఎక్కువ పడి పుండయ్యేచోట నల్లగా వస్తుంది కదా. ఆరోజు ముద్రలు తీసే ఆయన, "తనిఖీకి పెద్దోళ్లు వస్తాండారు. నలుపు కనపడకూడదు, కొంచెం ఎత్తి పట్టుకోప్పా," అన్నాడు. నీ వెనక నిలబడి చంకల కింద చేతులేసి ఎత్తాను.

"నన్నేమి వడ్లమూట అనుకుంటివా రా!" అని నవ్వావు.

ఆ కాగితంలో నలుపు లేదని డాక్టర్లు మెత్తని చెప్పులు అక్కరలేదన్నారు, నాట్లకు పోవచ్చన్నారు. పాదానికి పుండు పడి ఎముకదాకా పోయింది.

ఇవాళ దాన్ని దగ్గరికెళ్లి చూశాను. నీ మడమ పక్కన నా కాలి బొటనవేలి ముద్ర కూడా పడింది. ఆ కాగితంలో నల్లగా ఉన్నది అదొక్కటే.