ఎదుటి కంచం

తిరుపతి,
12-6-2001

ప్రియమైన నాయనకు,

స్రవంతి నమస్కారాలు. అన్నకేమీ కాలేదు. ముందు ఆ మాట చెప్పేస్తే నువ్వు కుదురుగా చదువుతావు.

నువ్వు దింపి వెళ్ళిన మరునాడే అన్నను ఆ కేంద్రానికి తీసుకుపోయాను. మన ధర్మన్నలాగా మాట, బుద్ధి నిదానంగా ఉండే పెద్దవాళ్ళు పగలంతా అక్కడ పనిచేస్తారు. కవర్లు అంటిస్తారు, కొవ్వొత్తులు పోస్తారు, కూలీ కూడా ఇస్తారు. చిత్తూరు ఆసుపత్రి సర్టిఫికెట్ సరిపోయింది. అన్న కవర్లు కూడా చక్కగా అంటించాడు.

చిక్కంతా మధ్యాహ్నం వచ్చింది. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని చూశారంట. అన్న ముట్టలేదు. రెండోరోజూ అంతే. తనంతట తాను తినలేనివాళ్ళను చేర్చుకోరంట. "మా ఇంట్లో అందరితోపాటు కూర్చుని ఐదు దోసెలు లాగించినాడు మేడమ్" అని మొత్తుకున్నాను. "మేము చూసిందే రాసుకుంటామమ్మా" అంది ఆ కేంద్రం నడిపే మేడమ్. ఇరవై ఐదున ఇంకొక్కసారి చూస్తారు. అప్పుడూ తినకపోతే ఆ చోటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు.

నిజం చెప్పు నాయనా, అమ్మ పోయినాక నువ్వు ముద్దలు కలిపి నోట్లో పెడుతున్నావా?

నీ కూతురు,
స్రవంతి

పలమనేరు,
16-6-2001

ప్రియమైన తల్లి స్రవంతికి,

నాయన దీవెనలు. నేను నోట్లో పెట్టడమా! భలేదానివే. వాడు నా సంగటి కూడా లాక్కుని తినే రకం. ఆ మేడమ్ ముందు కంచం ఉందా లేదా, ముందు అది కనుక్కో. ఖాళీ చేతులతో కూర్చుని వాడి నోరు చూస్తుంటే వాడెట్లా తింటాడు?

నీకు తెలియని మాట ఒకటుంది. అమ్మ పోయిన కొత్తలో నాకు ముద్ద దిగేది కాదు. వాడికి పెట్టి ఊరికే ఎదురుగా కూర్చునేవాణ్ణి. వాడు ముట్టేవాడు కాదు. "తినరా" అంటే, "నువ్వు తిను నాయనా" అని కంచం నా పక్కకు తోసేవాడు. తిట్టాను, బతిమాలాను. ఊహూఁ. సాయంత్రందాకా అట్లాగే కూర్చున్నాడు. వాడి ఆకలి చూడలేక నేను తిన్నాను. మరునాడూ అదే తంతు. ఆ మొండి వెధవే నన్ను బతికించినాడమ్మా. అప్పటినుంచి ఎదుటి మనిషికి కంచం లేకపోతే వాడు చెయ్యి పెట్టడు.

ఈ సంగతి ఆమెకు గట్టిగా చెప్పు, నీళ్ళు నమలొద్దు. నా మోకాళ్ళు ఇంక పనికి రావు. నేనుండగానే వాడు నలుగురిలో పడి తన పని తాను చేసుకుంటుంటే చూడాలి. అంతకుమించి నాకేమీ వద్దు.

ఆశీస్సులతో,
నాయన సుబ్రమణ్యం

తిరుపతి,
26-6-2001

ప్రియమైన నాయనకు,

తీసుకున్నారు!

నిన్న మేడమ్ చేతిలో నీ ఉత్తరమే పెట్టాను. మొత్తం చదివింది. తన క్యారియర్ తెచ్చుకుని అన్న ఎదురుగా కూర్చుంది. ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా చూసి, అన్న మొదలుపెట్టాడు. సాంబారు రెండుసార్లు అడిగి పోయించుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వచ్చే సోమవారం నుంచి రోజూ పోవాలి.

ఇంటికొచ్చి, "అన్నా, ఇంక నువ్వు ఈడే ఉంటావు, రోజూ పనికి పోతావు" అన్నాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చుని,

"నాయన యెవురితో తింటాడు?" అన్నాడు.

 మన ఆవును పక్కింటి కుప్పయ్య మామకు అప్పజెప్పి బస్సెక్కు నాయనా. కూతురింట్లో ఎట్లా ఉండేదని మొహమాటపడొద్దు, మీ అల్లుడు కూడా ఇదే మాట రాయమన్నాడు. అన్న ప్రశ్నకు జవాబు నాకు రాయొద్దు. వచ్చి అన్నకే చెప్పు.

దారి చూస్తూ,
నీ స్రవంతి